జీడి ఊళ్లో జీడి పడని బాబు

కాశీబుగ్గ దగ్గరి ఒక ఊరి నుంచి ఓ తల్లి పంపిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. చాలా వివరంగా రాశారు, ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు నాలుగేళ్ల బాబు, ఐదు నెలల పాప. భర్త జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అత్తగారు ఒకప్పుడు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేవారు, ఇప్పుడు ఇంటి దగ్గరే పప్పు పొట్టు తీస్తున్నారు. బాబు పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఆ చాప పక్కనే పడుకునేవాడు. అప్పట్లో బుగ్గల మీద, మోచేతి మడతల్లో చర్మం ఎర్రగా పొడిబారిపోయి రాత్రంతా గోక్కునేవాడట. కిందటేడు ఒక గృహప్రవేశం భోజనంలో మొదటిసారి జీడిపప్పు పాకం ముక్క తిన్నాడు. పది నిమిషాల్లో పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, రెండుసార్లు వాంతి అయ్యింది, పిల్లికూతలతో ఆయాసం మొదలైంది. ఆసుపత్రిలో ఇంజెక్షన్లు చేశాక తగ్గింది.

తర్వాత విశాఖలో రక్తపరీక్ష చేయిస్తే ఐజీఈ అనే యాంటీబాడీ (బయటి పదార్థాలను పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీను) జీడిపప్పుకు 18, వేరుశనగకు 0.9, అన్నీ కలిపిన టోటల్ ఐజీఈ 1,240 అని వచ్చాయి. పాలు, గుడ్డు, గోధుమలకు ఏమీ లేదు. ఎవరో చెప్పారని ఇంకో ల్యాబ్‌లో 'ఫుడ్ ఇన్‌టాలరెన్స్ ప్యానెల్' కూడా చేయించారు. అందులో బియ్యం, పాలు, గుడ్డు, కందిపప్పు, గోధుమ, వేరుశనగ, అరటిపండు పడవన్నట్టు ఎర్రరంగులో వచ్చాయి. అన్నం మానిపించలేక మిగిలినవన్నీ మూడు నెలలుగా ఆపేశారు. బాబు 16 కిలోల నుంచి 14 కిలోలకు తగ్గాడు.

భర్త అంటారట: "యాంటీబాడీలు అంత ఎక్కువున్నాయంటే ఒంట్లో శక్తి ఉన్నట్టే కదా. టీకా వేసుకునేది వాటి కోసమే కదా." అత్తగారి మాట ఇంకోటి: "పలాస గాలి పీల్చిన గుంటడికి జీడిపప్పు పడకపోవడమేటి? రోజూ చిటికెడు పెట్టు, అదే అలవాటవుద్ది. నా చేతులు చూడు, జీడికి మాడిపోయినా నేను తినట్లేదా?"

ఆమె అడిగినవి ఇవి. ఎవరి మాట వినాలి? ఆయన్ని ఉద్యోగం మానమనాలా? పాపకి కూడా జీడిపప్పు ఎప్పటికీ పెట్టకూడదా? "ఈ టెన్షన్‌తో వాడు దగ్గినా భయమే, తుమ్మినా భయమే" అని రాశారు.

అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా తొందరగా చేయాల్సిన దాని నుంచి మొదలుపెడతాను. నాలుగేళ్ల పిల్లాడు మూడు నెలల్లో రెండు కిలోలు తగ్గడం చిన్న విషయం కాదు. మీ ఉత్తరంలో జీడిపప్పు కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకంటే వాడికి ఆ తిండి దూరం చేసింది జబ్బు కాదు, ఒక కాగితం.

మీ దగ్గరున్న రెండు రిపోర్టుల్లోనూ కొలిచింది యాంటీబాడీలనే. కానీ యాంటీబాడీలన్నీ ఒకే పని చేయవు. విశాఖలో చూసింది ఐజీఈ. ఇన్‌టాలరెన్స్ ప్యానెళ్లలో చూసేది ఐజీజీ, ముఖ్యంగా అందులో ఐజీజీ4 అనే రకం. మనం తరచూ తినే తిండికి ఒంట్లో ఐజీజీ తయారవడం మామూలే. అంటే ఆ తిండి ఒంటికి పరిచయమైందని అర్థం, పడలేదని కాదు. ఆ ఎర్రరంగు జాబితా ఇంకోసారి చదవండి. బియ్యం, కంది, పాలు, గుడ్డు, అరటిపండు: అవి మీ వంటింట్లో రోజూ ఉండేవే. తిండి పడదని తేల్చడానికి ఈ ఐజీజీ4 పరీక్ష వాడొద్దని యూరప్ అలర్జీ వైద్యుల సంఘం 2008లోనే చెప్పింది. ఆ రిపోర్టును మీరు నిశ్చింతగా పక్కన పెట్టేయొచ్చు.

పాలు, గుడ్డు, గోధుమ, కందిపప్పు, అరటిపండు బాబు ఇదివరకు హాయిగా తిన్నాడని మీరే రాశారు. వీటిని తిరిగి మొదలుపెట్టాలి. భయంగా ఉంటే రోజుకు ఒకటి చొప్పున, ముందు కొంచెం పెట్టి, మర్నాడు మామూలుగా పెట్టండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు కూడా తీసుకోనివ్వండి. రెండు వారాల్లో బరువు పెరగకపోతే పిల్లల డాక్టరుకు చూపించాలి. వేరుశనగ సంగతి మాత్రం కాస్త వేరు. పల్లీ చట్నీతో ఇడ్లీ తినని రోజు లేదన్నారు, అప్పుడు ఏమీ కాలేదు. అంటే 0.9 అన్న అంకె కాగితం మీదే ఉంది, వాడి ఒంటి మీద కనబడలేదు. కానీ ఒక తిండికి ఐజీఈ ఉన్న పిల్లలకు, అందులోనూ చర్మం ఎర్రబారే తత్వం ఉన్నవాళ్లకు, తినగలుగుతున్న వస్తువును నెలల తరబడి ఆపేస్తే ఒక్కోసారి దాన్ని ఒళ్లు తట్టుకునే ఓర్పు పోతుంది. అందుకని పల్లీ తిరిగి పెట్టే మొదటిసారి డాక్టరు దగ్గరే పెట్టండి. అక్కడ సాఫీగా జరిగితే ఇక ఆపొద్దు.

టోటల్ ఐజీఈ 1,240 అన్న అంకె చూసి హడలిపోకండి. చర్మం దురదలున్నా, కడుపులో నులిపురుగులున్నా అది పెరుగుతుంది. ఏ తిండి పడదో అది చెప్పదు.

ఇప్పుడు మీ వారి మాట. ఆయన తర్కం తప్పుపట్టేది కాదు. టీకా వేస్తే వచ్చేవీ యాంటీబాడీలే, మీ బాబుకు ప్రాణం మీదికి తెచ్చినవీ యాంటీబాడీలే. తేడా రకంలో ఉంది. 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అనే ఇద్దరు వైద్యులు ఒక ప్రయోగం చేశారు. క్యూస్ట్నర్‌కు చేప పడదు. ఆయన రక్తంలోని సీరం కాస్త తీసి ప్రౌస్నిట్జ్ చర్మంలోకి ఎక్కించారు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కిస్తే, చేప హాయిగా తినే ప్రౌస్నిట్జ్‌కు అక్కడ దద్దురు లేచింది. పడకపోవడం అనేది రక్తంలో ఉన్న ఏదో పదార్థంతో వస్తోందని అలా తెలిసింది. ఆ పదార్థమే ఐజీఈ అని తేలడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది. అమెరికాలో పనిచేసిన జపాన్ దంపతులు ఇషిజాకాలు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ 1966, 67లలో విడివిడిగా దాన్ని పట్టుకున్నారు.

ఐజీఈ రక్తంలో చాలా తక్కువ ఉంటుంది. దాని అసలు చోటు చర్మంలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో ఉండే మాస్ట్ కణాల పైన. ఆ కణాల నిండా హిస్టమిన్ వంటి రసాయనాలు ఉంటాయి. జీడిపప్పు ప్రోటీను వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఒకేసారి తాకితే కణం ఆ రసాయనాలన్నీ ఒక్కసారిగా వదిలేస్తుంది. పెదవి ఉబ్బడం, దద్దుర్లు, వాంతి, పిల్లికూతలు అన్నీ దాని పనే. నులిపురుగుల్లాంటి పరాన్నజీవులను బయటికి నెట్టడానికి పనికొచ్చే ఏర్పాటు ఇది. మీ బాబులో అది జీడిపప్పు మీదికి తిరిగింది. కాబట్టి 18 అన్న అంకె శక్తికి గుర్తు కాదు. అలాగని అది ఎంత పెద్దదైతే అంత ప్రమాదం అనీ కాదు. తింటే రియాక్షన్ వచ్చే అవకాశం ఎంతో అది చెబుతుంది, ఆ రియాక్షన్ ఎంత తీవ్రంగా వస్తుందో చెప్పదు. మీ బాబు విషయంలో అంకెతో పని లేకుండానే గృహప్రవేశం నాడు తేలిపోయింది. వాడికి జీడిపప్పు అలర్జీ ఉంది, అది తీవ్రమైనదే.

అత్తగారి చేతుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో అందరూ నమ్మేది ఆ చేతులనే. పిక్క పెంకులో ఉండే జీడి నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కి, నల్లగా మాడి, పొరలు ఊడుతుంది. పలాసలో పిక్కలు కొట్టిన ఏ ఆడమనిషి చేతులు చూసినా ఇది కనిపిస్తుంది. ఆ నూనె ఒకవైపు చర్మాన్ని నేరుగా కాలుస్తుంది. ఇంకోవైపు, కొందరిలో దానికి అలర్జీ కూడా వస్తుంది, కానీ అందులో యాంటీబాడీల పాత్ర లేదు. టీ కణాలు అనే తెల్లరక్తకణాలు చేసే పని అది, ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది. నల్లజీడి తగిలినా ఇంతే. బాబుకు వచ్చింది పప్పులోని ప్రోటీనుకు, ఐజీఈ వల్ల, నిమిషాల మీద. ఆవిడ చేతులకు జీడి మాడ్చినా పప్పు తినగలగడం నిజమే. దాన్నిబట్టి మనవడికీ అలవాటవుతుందనుకోవడం మాత్రం ప్రాణాలతో పందెం. ఈ తేడా ఆవిడకు చెప్పేటప్పుడు "మీకు తెలీదు" అన్నట్టు కాకుండా, "మీ చేతులకు వచ్చింది వేరు అత్తమ్మా, వీడికి వచ్చింది వేరు" అని చెప్పండి.

అయినా ఆవిడ మాటలో ఒక నిజం ఉంది, అది కొట్టేయలేను. కొద్దికొద్దిగా పెడుతూ ఓర్పు తెప్పించడం అనే వైద్యం ఉంది. ఓరల్ ఇమ్యునోథెరపీ అంటారు. మిల్లీగ్రాముల లెక్కన మొదలుపెట్టి, ప్రతిసారీ డోసు పెంచేటప్పుడు ఆసుపత్రిలో కూర్చోబెట్టి, నెలల తరబడి చేస్తారు. అది పనిచేసే పిల్లల్లో ఐజీజీ4 పెరుగుతుంది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, ఐజీజీ4 ముందే వెళ్లి జీడిపప్పు ప్రోటీనును పట్టుకుంటుంది, ఐజీఈకి చోటు దొరకదు. ఏ యాంటీబాడీ చూసి మీరు పప్పు, పాలు మానిపించారో, చికిత్సలో డాక్టర్లు పెరగాలని కోరుకునేది దాన్నే.

అదే పని ఇంట్లో చిటికెడు లెక్కన చేస్తే ఏమవుతుంది? చిటికెడు అంటే మీ చేతిలో ఒకటి, అత్తగారి చేతిలో ఇంకోటి. జ్వరం వచ్చిన రోజున, ఆడి అలసిపోయిన పూట, నిన్న పడిన డోసే ఇవాళ రియాక్షన్ తేవచ్చు. ఆసుపత్రిలో పద్ధతిగా చేసినప్పుడు కూడా కొందరు పిల్లలకు తీవ్రమైన రియాక్షన్‌ను ఆపే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తుంది. ఇంట్లో మాత్రం వద్దు. దీన్ని మీరు నా అభిప్రాయంగా కాదు, హెచ్చరికగానే తీసుకోండి.

ఆసుపత్రిలో చేయించడం మీ ఇష్టం మీద ఉంది. చేయిస్తే, పొరపాటున ఒక పలుకు నోట్లోకి వెళ్లినా ప్రాణం మీదికి రాదన్న ధీమా దొరకవచ్చు. దానికి ప్రతిగా నెలల తరబడి ప్రయాణాలు, ఖర్చు, రోజూ డోసు, మధ్యమధ్య కడుపునొప్పి, రియాక్షన్లు భరించాలి. డోసు ఆపేస్తే చాలామందిలో ఓర్పు మళ్లీ పోతుంది. ఇంకో దారి ఒమలిజుమాబ్ అనే ఇంజెక్షన్. అది ఐజీఈని మాస్ట్ కణాల మీద కూర్చోనివ్వకుండా పట్టేసుకుంటుంది. ఆహార అలర్జీకి 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేయాలి, ఖరీదు ఎక్కువ, వేసుకున్నంతకాలమే రక్షణ. ఈ రెండూ చేయించకుండా జాగ్రత్తగా దూరంగా ఉంచి, ఏడాదికోసారి డాక్టరుకు చూపించడం మూడో దారి. పాలు, గుడ్డు పడని పిల్లల్లో ఎక్కువమందికి పెద్దయ్యేసరికి తగ్గిపోతుంది. జీడిపప్పు అలా సులువుగా వదలదు. మీ బాబు వయసు, దూరం, చంటిపాపతో మీ ఇబ్బంది చూస్తే ఇప్పటికి మూడో దారే మీకు నెమ్మది అని నాకు అనిపిస్తోంది. బడికి వెళ్లే వయసులో మిగతావి ఆలోచించుకోవచ్చు.

దూరంగా ఉంచడమంటే పొంగలి, పాయసం, ఉప్మా, బిర్యానీ, స్వీటు షాపు పెట్టెలు, గుడి ప్రసాదం, హోటల్లో కుర్మా గ్రేవీ అన్నీ అడిగి మరీ పెట్టడం. పప్పు ఏరి పక్కన పెట్టి అదే పొంగలి పెట్టడం కుదరదు. పిస్తా కూడా మానాలి, దాని ప్రోటీన్లు జీడిపప్పు ప్రోటీన్లకు చాలా దగ్గర. జీడిమామిడి పండు వద్దు. మామిడి అదే కుటుంబపు చెట్టు అయినా, ఇన్నాళ్లూ మామిడిపండు తిని బాగున్నాడు కాబట్టి ఆపక్కర్లేదు.

అడ్రినలిన్ గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. మీకెవరూ చెప్పలేదనుకుంటాను. ఇలాంటి రియాక్షన్‌కు మొదటి మందు అదే. అలర్జీ సిరప్, ఏవిల్ వంటివి దద్దుర్లు తగ్గిస్తాయి గానీ ఆయాసాన్ని, బీపీ పడిపోవడాన్ని ఆపలేవు. డోసు కిలోకు 0.01 మిల్లీగ్రాము, తొడ బయటివైపు మధ్యలో కండకు వేయాలి. పెన్నులా వచ్చే ఇంజెక్షన్ మన దగ్గర తేలిగ్గా దొరకదు. కాబట్టి డాక్టరుతో మాట్లాడి ఆంపూలు (మందు ఉండే చిన్న గాజు గొట్టాలు), ఒక మిల్లీలీటరు సిరంజీలు రాయించుకుని, బాబు బరువుకు ఎంతవరకు లాగాలో సిరంజి మీద గీత పెట్టించుకోండి. ఇంట్లో పగలంతా బాబుతో ఉండేది అత్తగారు కాబట్టి, వేయడం మీకన్నా ముందు ఆవిడే నేర్చుకోవాలి. పిక్కలు కొట్టిన చేతులు, సూదికి వణకవు. జీడిపప్పు తిన్నాడని తెలిసి ఆయాసం, గొంతు బొంగురుపోవడం, మత్తుగా వాలిపోవడం, లేదా దద్దుర్లతో పాటు ఆగని వాంతులు కనిపిస్తే ముందు ఇంజెక్షన్, వెంటనే 108. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచండి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి, నడిపించొద్దు. ఐదు నిమిషాలైనా తగ్గకపోతే రెండో డోసు వేయాలి. తగ్గినా ఆసుపత్రికి వెళ్లి కొన్ని గంటలు ఉండాలి, ఎందుకంటే సద్దుమణిగాక మళ్లీ తిరగబెట్టే సందర్భాలుంటాయి.

ఇక ఉద్యోగం. మీ వారు మానేసినంత మాత్రాన బాబు ఐజీఈ పోదు. ఫ్యాక్టరీ నుంచి రాగానే స్నానం, బట్టలు విడిగా ఉతకడం, బాబును ఫ్యాక్టరీకి తీసుకెళ్లకపోవడం, ఇవి చాలు. కూలి డబ్బుల కోసం అత్తగారు ఇంట్లో చేసే పొట్టు పని మాత్రం ఆలోచించాల్సిందే. చాప కింద, గడప పక్కన రాలిన ఒక్క పలుకు నాలుగేళ్లవాడి నోట్లోకి వెళ్లడానికి క్షణం చాలు. ఆ పని ఫ్యాక్టరీలోనో, పక్కింటి వసారాలోనో చేయగలిగితే అందరికీ మేలు. కుదరకపోతే తాళం వేసే గది ఒకటి దానికి కేటాయించి, పని అయ్యాక తడిగుడ్డతో తుడవాలి. దీనివల్ల ఆవిడ సంపాదన తగ్గితే అది ఇంట్లో అందరూ కలిసి మోయాల్సిన భారం.

ఆ చాప వల్లే బాబుకు వచ్చిందా అని మీరు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. లండన్‌లోని గిడియన్ లాక్ అనే పిల్లల అలర్జీ వైద్యుడు చెప్పిన ఊహ ఇలా ఉంటుంది: పగిలిన చర్మం ద్వారా ముందు పరిచయమైన తిండిని శరీరం శత్రువుగా చూసే అవకాశం ఎక్కువ, నోటి ద్వారా పరిచయమైనదాన్ని ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. మీ బాబు కథ ఆ ఊహకు సరిపోతున్నట్టే ఉంది. కానీ పలాస చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో పిల్లలు ఆ పప్పు పక్కనే పెరిగారు, వాళ్లకు ఏమీ కాలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అత్తగారి మీద ఈ మాట వేయకండి.

ఓర్చుకోవడం నేర్పే కణాలు మనలో ఉన్నాయి, రెగ్యులేటరీ టీ కణాలంటారు. వాటిని కనిపెట్టినందుకు, అవి ఎలా పనిచేస్తాయో తేల్చినందుకు సకగుచి, బ్రుంకో, రామ్స్‌డెల్ 2025లో నోబెల్ అందుకున్నారు. పుట్టుకతో ఆ కణాలు సరిగా లేని అరుదైన పిల్లల్లో తీవ్రమైన చర్మం దురదలు, తిండి అలర్జీలు, చాలా ఎక్కువ ఐజీఈ కలిసి కనిపిస్తాయి. అంటే తిండిని ఓర్చుకోవడం ఊరికే జరిగేది కాదు, శరీరం పనిగట్టుకుని చేసే పని. పాప విషయంలో మనకు కావాల్సింది ఆ పనికి సాయపడటం.

లాక్ బృందం 640 మంది పసిపిల్లల మీద చేసిన పరిశోధన 2015లో వచ్చింది. 4 నుంచి 11 నెలల వయసు, తీవ్రమైన చర్మం జబ్బో గుడ్డు అలర్జీయో ఉన్నవాళ్లు. సగం మందికి వేరుశనగ ఐదేళ్లు వచ్చేదాకా పెట్టలేదు, సగం మందికి చిన్నప్పటి నుంచే పెట్టారు. మొదట్లో చర్మపరీక్షలో ఏమీ రాని పిల్లల్లో, మానిపించిన వైపు 13.7 శాతం మందికి అలర్జీ వస్తే, పెట్టిన వైపు 1.9 శాతానికే వచ్చింది. తిన్న పిల్లల రక్తంలో పెరిగింది ఆ ఐజీజీ4యే. ఇది వేరుశనగ మీద చేసిన పని, జీడిపప్పుకు ఇవే అంకెలు అంటించలేం. అయినా భయంతో ఆలస్యం చేయడం రక్షణ కాదని మాత్రం దీనివల్ల గట్టిగా తెలిసింది.

పాపకు చర్మం నున్నగా, ఏ దురదా లేకుండా ఉందన్నారు. అసలు పెట్టకుండా ఉంటే ఇంట్లో జీడిపప్పు లేకుండా బాబుకు క్షేమం. కానీ జీడి తిరిగే మీలాంటి ఇంట్లో పాప నోటికి అందకపోయినా చర్మానికి అందుతూనే ఉంటుంది, నాకు నచ్చనిది అదే. ముందు పరీక్ష చేయించి తర్వాత పెట్టడం ఇంకో పద్ధతి. దురదలు లేని పాపకు అది తప్పనిసరి కాదు. పైగా 0.9 లాంటి అంకె ఒకటి వస్తే మళ్లీ ఇదే గొడవ మొదలవుతుంది. నేనైతే ఆరో నెల వచ్చి చోడి (రాగి) అంబలి, మెత్తటి అన్నం, గుడ్డు, పల్లీ పొడి అలవాటయ్యాక జీడిపప్పు కూడా మొదలుపెట్టమంటాను. పాప అన్నయ్యకున్న అలర్జీ సంగతి డాక్టరుకు చెప్పి మొదటిసారి ఆయన దగ్గరే పెట్టండి. గుండు గానీ బద్ద గానీ ఇవ్వొద్దు, ఐదేళ్లలోపు పిల్లలకు గొంతులో అడ్డం పడుతుంది. మెత్తగా పొడి చేసి అంబలిలో కలపండి. మొదట పావు చెంచా, పదిహేను నిమిషాలు చూసి మిగతాది. జలుబు, జ్వరం ఉన్న రోజు వద్దు. పడిందని తెలిశాక వారానికి రెండుసార్లయినా మానకుండా పెట్టాలి, ఒకసారి పెట్టి వదిలేస్తే లాభం లేదు. ఆ పొడి డబ్బా మీ పుట్టింట్లోనో పక్కింట్లోనో ఉంచండి. పాపకు అక్కడే తినిపించి, మూతి, చేతులు సబ్బుతో కడిగి ఇంటికి తీసుకురండి. గిన్నె, చెంచా కూడా అక్కడే ఉండాలి.